నీళ్ల పేజీకి లాగిన్

రాళ్లబండ మునిసిపాలిటీలో కొళాయికి నీళ్లు వస్తాయి. ఇందులో ఎవరూ అపోహ పడనక్కర్లేదు. మామూలు కాలంలో నాలుగైదు రోజులకొకసారి, ఎండాకాలంలో అంతకంటే తీరిగ్గా వస్తాయి, అంతే. చిక్కల్లా ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియకపోవడమే. తెల్లవారుజామున రావచ్చు, మిట్టమధ్యాహ్నం రావచ్చు. వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లు పక్కింటివాళ్లతో తగాదా లేకుండా చూసుకోవాలి.

పన్నెండో వార్డులో ఉండే ఉరుకుందమ్మ పత్తి మిల్లులో పనిచేసేది. నీళ్ల కోసం ఇంటి దగ్గర కూర్చుంటే కూలి పోయేది. కూలికి పోతే నీళ్లు పోయేవి. మిల్లు మేస్త్రీ కొన్నాళ్లు చూసి, "నీళ్లు కావాల్నా, పని కావాల్నా, ఏందో ఒకటి తేల్చుకో" అన్నాడు. రెండూ కావాలనడం రాళ్లబండలో దురాశ కింద లెక్క.

ఉరుకుందమ్మ ఒకరోజు మునిసిపల్ ఆఫీసుకొచ్చి నీటి విభాగంలో ఉన్న కొత్త ఇంజనీరమ్మ ముందు నిలబడింది. "ఎక్కువ నీళ్లియ్యమని నేనడగడంల్యా. ఎప్పుడొస్తాయో చెప్తే సాలమ్మా" అంది.

ఆ కొత్త ఇంజనీరమ్మ పేరు షమీమ్. ఇంజనీరింగ్ చదివి, పరీక్ష రాసి, అసిస్టెంట్ ఇంజనీరుగా వచ్చింది. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఆ జవాబు ఆఫీసులో ఎవరి దగ్గరా లేదు. నీళ్లు వదిలేది ఫిట్టర్ మద్దిలేటి. ట్యాంకు నిండిందని చూసుకుని, వాల్వు తిప్పే రాడ్డు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. అతను బయల్దేరిన సంగతి అతని ఇంటావిడకు తెలిసేది. ప్రభుత్వానికి తెలిసేది కాదు.

షమీమ్ మద్దిలేటితో, "పోయే ముందర నాకొక ఫోన్ చెయ్యి" అంది. ఆదివారం కూర్చుని పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఒక చిన్న పేజీ రాసింది. ఒక పక్క వార్డు నంబరు, ఇంకో పక్క నీళ్లు వదిలే వేళ. బొమ్మలు లేవు, నాయకుల ఫోటోలు లేవు. ఆఫీసులో మూలనున్న పాత కంప్యూటరు మీద దాన్ని నడిపింది. ఫోనున్న వాళ్లెవరైనా తెరిచి చూసుకోవచ్చు.

జనం దానికి నీళ్ల పేజీ అని పేరు పెట్టారు. టీ కొట్ల దగ్గర చూసుకున్నారు, బస్సుల్లో చూసుకున్నారు. ఉరుకుందమ్మ మిల్లుకు పోవడం మొదలుపెట్టింది. నీళ్లొచ్చే రోజున మాత్రం మేస్త్రీని అడిగి గంటసేపు ఇంటికొచ్చి, పట్టుకుని, మళ్లీ పోయేది. ఒక మునిసిపాలిటీ చేసిన పని వల్ల జనానికి ఉపయోగం కలిగింది. ఇది ఎక్కువ కాలం సాగేది కాదని పెద్దలకు తెలుసు.

*

కమిషనర్ పురందర్ బాబు గారు నగరంలో ఒక పెద్ద హోటల్లో జరిగిన డిజిటల్ భద్రత సదస్సుకు వెళ్లివచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక తోలు సంచీ, ఒక స్టీలు సీసా, బోలెడంత భయం వెంట తెచ్చుకున్నారు. వచ్చీ రాగానే షమీమ్‌ను పిలిపించారు.

"ఈ నీళ్ల పేజీని ఎవరు చూస్తున్నారు?"

"అందరూ చూస్తున్నారు సార్."

"అందరూ అంటే? పేర్లు చెప్పండి."

"పేర్లు తెలీవు సార్. ఎవరైనా చూడొచ్చు. అందుకే పెట్టినాం."

కమిషనర్ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అంటే గుర్తుతెలియని వ్యక్తులు మునిసిపల్ సమాచారాన్ని యథేచ్ఛగా తెలుసుకుంటున్నారన్న మాట. మన నీళ్లు ఎప్పుడొస్తాయో శత్రువుకు తెలిస్తే పరిస్థితి ఏమిటి?"

"ఏ శత్రువు సార్?"

"అదే కదమ్మా నేననేది! లాగిన్ లేదు గనకనే ఏ శత్రువో మనకు తెలియకుండా పోయింది."

ఈ వాదానికి ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ జవాబు నేర్పలేదు. పైగా ప్రొబేషన్. షమీమ్ లాగిన్ పెట్టింది. పెట్టడం మాత్రం శుభ్రంగా పెట్టింది. పేరు, ఎవరికి వారు ఎంచుకున్న పాస్‌వర్డు కొడితే పేజీ తెరుచుకుంటుంది. కమిషనర్ గారు సంతోషించి, పాస్‌వర్డులన్నీ ఒక రిజిస్టరులో రాయించి తెమ్మన్నారు.

"అట్లా తెచ్చేందుకు కుదరదు సార్. పాస్‌వర్డును ఉన్నది ఉన్నట్టు దాచం. జొన్నలు విసిరినట్టు విసిరి దాస్తాం. పిండిలోంచి మళ్లీ గింజలు రావు కదా."

"మరి వాళ్లు సరైనదే కొట్టారని ఎలా తెలుస్తుంది?"

"వాళ్లు కొట్టిందాన్ని కూడా విసిరి, ఈ పిండి ఆ పిండి ఒకటేనా అని చూస్తాం. అసలు పాస్‌వర్డు ఎవరూ చదవలేరు."

"ఎవరూ అంటే... కమిషనర్ కూడానా?"

"మీరు కూడా సార్."

"చూడమ్మా," అన్నారు కమిషనర్ గారు, నొచ్చుకున్న గొంతుతో. "ప్రభుత్వానికి తెలియని రహస్యం ప్రజల దగ్గర ఉండటం ప్రజాస్వామ్యానికి మంచిది కాదు."

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. "పాస్‌వర్డు నిర్ణయించుకొను అధికారము పౌరులకు లేదు. దానిని కార్యాలయమే మంజూరు చేయును. మంజూరైన పాస్‌వర్డును పౌరుడు గెజిటెడ్ అధికారిచే ధ్రువీకరింపజేసుకొని, గోప్యముగా ఉంచుకొనుటకు హామీపత్రము సమర్పించవలెను."

రాళ్లబండలో పగటిపూట దొరికే గెజిటెడ్ అధికారి పశువైద్యుడొక్కరే. ఆయన ఆసుపత్రి ముందు గేదెలూ మనుషులూ ఒకే వరుసలో నిలబడ్డారు. గేదెల పని త్వరగా అయ్యేది. వాటిని ఎవరూ గుర్తింపు కార్డు అడగలేదు.

ఉరుకుందమ్మ ఒక పూట కూలి పోగొట్టుకుని, వింత గుర్తులున్న పొడుగు పాస్‌వర్డొకటి తెచ్చుకుంది. దాన్ని పట్టుకుని షమీమ్ దగ్గరికొచ్చింది.

"ఈ పాము మాదిరి ఉండేది ఫోన్లో యాడుంటాదమ్మా?"

"అది డాలరు గుర్తక్కా."

"మా వార్డుకు నీళ్లొచ్చేదానికి డాలర్లెందుకు?"

షమీమ్ ఆమె ఫోను తీసుకుని ఆ గుర్తు ఎక్కడుందో చూపించింది.

*

పేజీ చూసిన ప్రతిసారీ అంత పొడుగు పాస్‌వర్డు కొట్టలేక జనం విసుక్కున్నారు. షమీమ్‌కు జాలేసింది. ధైర్యం చేసి కమిషనర్ గారి దగ్గరికి వెళ్లి, సెషన్ అనేదొకటి ఉంటుందని చెప్పింది.

"ఒకసారి లాగిన్ అయినవాళ్లను మిషను కొన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుంది సార్. మాటిమాటికీ పాస్‌వర్డు అడగదు."

"ఎన్నాళ్లు?"

"నెల రోజులు పెట్టొచ్చు."

కమిషనర్ గారు కళ్లద్దాలు తీశారు. "శాసనసభకే నెల రోజుల సెషన్ ఉండటం లేదు. నీళ్లు పట్టుకునేవాళ్లకు నెల రోజులా?"

చివరికి రెండు నిమిషాలు మంజూరైంది. అంతటితో ఆగలేదు. సెషన్ అన్నాక సభా మర్యాద ఉండాలన్నారు. తెరిచినవాళ్లు పని అయ్యాక 'వాయిదా' అనే మీట నొక్కి పద్ధతిగా మూసి వెళ్లాలి. వాయిదా వెయ్యకుండా వెళ్లిపోయినవాళ్లు సభలోనే ఉన్నట్టు లెక్క. ఒక మనిషి రెండు సభల్లో ఉండకూడదు గనక వాళ్లు మళ్లీ లాగిన్ కాలేరు. అలాంటివాళ్ల సెషన్‌ను కమిషనర్ గారే స్వయంగా వాయిదా వేస్తారు.

"కానీ సార్, రెండు నిమిషాలకు అదంతట అదే చచ్చిపోతుంది కదా," అంది షమీమ్.

"చచ్చిపోవడం వేరు, వాయిదా పడటం వేరు. గడువు తీరిన సెషన్ పనికిరాదు. కానీ వాయిదా పడని సెషన్ ముగిసినట్టూ కాదు. రెంటినీ కలపకండి."

షమీమ్ కలపలేదు. చెప్పినది చెప్పినట్టు రాసింది. రాయడం ఆమెకు బాగా వచ్చు. అదే ఆ ఊరికి వచ్చిన కష్టం.

ఆ తర్వాత అకౌంటెంట్ గోవర్ధనం గారి దగ్గర్నుంచి ఒక నోటు వచ్చింది. లాగిన్ అయిన ప్రతి పౌరుడికీ ఒక కుకీ ఇవ్వబడుతున్నట్టు తమ దృష్టికి వచ్చిందనీ, సదరు కుకీలకు టెండర్లు పిలిచారా లేదా తెలియజేయాలనీ అందులో ఉంది. షమీమ్ పరుగెత్తుకెళ్లింది.

"సార్, అది బిస్కెట్ కాదు. ఫోన్లో మిషను పెట్టుకునే ఒక చిన్న గుర్తు."

గోవర్ధనం గారు చల్లగా నవ్వారు. "నాకు తెలుసమ్మా. మా అబ్బాయి బెంగుళూరులో ఇదే పని చేస్తాడు. కానీ ఫైలు లేచిపోయింది. లేచిన ఫైలు ఊరకే పడుకోదు. ఏదో ఒకటి తినాలి."

అది రెండు వారాలు తిన్నది. ఆ రెండు వారాలూ ఊళ్లో ఎవరికీ కుకీ లేదు, సెషనూ లేదు, నీళ్ల పేజీ కూడా లేదు. చివరికి కుకీ పేరు మార్చి 'గుర్తింపు చీటీ' అన్నాక ఫైలు నిద్రపోయింది.

పేజీ మళ్లీ తెరిచేనాటికి చాలామంది దాన్ని చూడటం మానేశారు. ఉరుకుందమ్మ మానలేదు. మధ్యాహ్నం అన్నం తినే వేళ మిల్లు గోడ పక్కన కూర్చుని, ఒక్కో అక్షరమే వెతికి కొట్టేది. పాస్‌వర్డు పూర్తయి పేజీ వచ్చి, తన వార్డు వెతుక్కునేలోపు సెషన్ చచ్చిపోయేది, కమిషనర్ గారు వాయిదా వేసేదాకా మళ్లీ లాగిన్ ఉండేది కాదు. అన్నం డబ్బా తెరవకుండానే తిరిగి పనిలోకి పోయిన రోజులున్నాయి.

పై ఆఫీసుకు వెళ్లిన నివేదికలో ఇవేవీ లేవు. నీళ్ల పేజీలోకి అక్రమంగా ఎవరూ ప్రవేశించలేదని ఉంది. అది నిజం. సక్రమంగా కూడా దాదాపు ఎవరూ ప్రవేశించలేదు గాని, నివేదికలో దానికి గడి లేదు. పై ఆఫీసు వారు కమిషనర్ గారిని అభినందించి, ఒక చిన్న సందేహం మాత్రం వెలిబుచ్చారు. నీళ్ల సంగతి చూసేవారికి లాగిన్ పెట్టారు సరే, నీళ్లు వదిలేవారికి పెట్టలేదేం?

*

ఫిట్టర్ మద్దిలేటికి లాగిన్ వచ్చింది. ఇకమీదట వాల్వు ముట్టుకోవాలంటే ముందు ఫోన్లో సెషన్ తెరవాలి. వాల్వు తెరిచి ఉన్నంతసేపూ ఆ సెషన్ బతికి ఉండాలి. "చెల్లుబాటు అగు సెషన్ లేకుండా వాల్వును ముట్టుకొనుట, తెరచుటకైనను మూయుటకైనను, ప్రభుత్వ ఆస్తిలోనికి అక్రమ ప్రవేశముగా పరిగణింపబడును. అట్టివారు తక్షణమే సస్పెన్షనుకు అర్హులు."

మద్దిలేటి ఉత్తర్వు చదివించుకుని కమిషనర్ గారి గదికి పోయాడు.

"సార్, వాల్వు తిప్పేదానికే పావుగంట పడ్తాది. అది తుప్పు పట్టుండాది. మీ సెషను రెండు నిమిషాలకే సస్తాది. ఎట్ల సేయాల?"

"త్వరగా తిప్పండి," అన్నారు కమిషనర్ గారు.

మొదటి రోజే సెషన్ మధ్యలో పోయినా, మద్దిలేటి అలవాటు ప్రకారం వాల్వు మూసేసి ఇంటికి పోయాడు. మర్నాడు చార్జి మెమో వచ్చింది. అప్పట్నుంచి నీళ్లు వదిలినంతసేపూ వాల్వు గుంత పక్కన కూర్చుని, సెషన్ చావకుండా, జపమాల తిప్పినట్టు బొటనవేలితో ఫోను రుద్దుతూనే ఉండేవాడు. టీ తాగడానికి లేవలేదు. ఎవరైనా పలకరిస్తే తల కూడా ఎత్తేవాడు కాదు. నీళ్లు పోతున్నాయి, తాను బతికే ఉన్నాడు అని మిషనుకు చెప్పుకోవడమే అతని ఉద్యోగమైంది.

ఏప్రిల్ నెలలో ఒకనాటి ఉదయం పన్నెండో వార్డుకు నీళ్లు వదిలాడు. ఎనిమిది రోజుల తర్వాత వచ్చిన నీళ్లు. ఉరుకుందమ్మ బిందెలు, బక్కెట్లు, చివరికి పప్పు గిన్నెలతో సహా నింపుకుంది. వీధంతా నింపుకుంది. అప్పుడు ఊళ్లో కరెంటు పోయింది. ఆఫీసులో పాత కంప్యూటరు ఆరిపోయింది. మద్దిలేటి బొటనవేలి కింద ఫోను తెల్లబోయింది. కరెంటు వచ్చి, కంప్యూటరు లేచాక, అతను లాగిన్ కావాలని చూశాడు. 'మీరు ఇప్పటికే సభలో ఉన్నారు' అని వచ్చింది.

నీళ్లు పోతూనే ఉన్నాయి. అందరి పాత్రలూ నిండి, కొళాయిలు కట్టేసుకున్నారు. కట్టేయడానికి మీటల్లేని వీధి కొళాయిల నుంచి కాలవలోకి, కాలవ నుంచి రోడ్డు మీదికి నీళ్లు పొర్లాయి. అది ఐదు వార్డులకు నీళ్లిచ్చే ట్యాంకు. మిగతా నాలుగు వార్డులు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నాయి.

మద్దిలేటి షమీమ్‌కు ఫోన్ చేశాడు. షమీమ్ కమిషనర్ గారికి చేసింది. ఆయన ఆ పూట నగరంలో అదే పెద్ద హోటల్లో, 'రాళ్లబండ నమూనా' గురించి ఉపన్యసిస్తున్నారు. మూడోసారికి ఎత్తి, గుసగుసగా మాట్లాడారు.

"సార్, మద్దిలేటి సెషన్ మీరు వాయిదా వెయ్యాల. లేకపోతే వాల్వు మూయలేడు. ట్యాంకు ఖాళీ అయిపోతాంది."

"నా సెషన్ నడుస్తోందమ్మా. ముఖ్య అతిథి ముందు కూర్చున్నారు. భోజనాల తర్వాత చూద్దాం."

ఫోను పెట్టేశారు. షమీమ్ మద్దిలేటికి చేసి, "మూసెయ్, నేను చూసుకుంటా," అంది.

"నోటి మాట వద్దు మేడం. నాకు ఇప్పటికే ఒక మెమో ఉండాది. కాయితం ఇయ్యండి, మూస్తా."

కాగితం మీద సంతకం పెట్టి పంపడానికి షమీమ్‌కు చెయ్యి రాలేదు. తన ప్రొబేషన్ గుర్తొచ్చింది. స్కూటరేసుకుని తనే బయల్దేరింది గాని, వెళ్లి ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

గుంత దగ్గర ఆడవాళ్లు గుంపుగా నిలబడ్డారు. రోడ్డు మీద చెప్పులు తేలిపోతున్నాయి.

"మూయప్పా!" అంది ఉరుకుందమ్మ.

"మూస్తే నా ఉద్యోగం పోతాదక్కా."

"మూయకుంటే నీళ్లు పోతాయి గదా."

"నీళ్లు పోతే నన్నెవరూ అడగరు," అన్నాడు మద్దిలేటి. అతను ఏడుపు మొహం పెట్టుకుని ఇంకా ఫోను రుద్దుతున్నాడు.

ఉరుకుందమ్మ చీర కొంగు నడుముకు చెక్కుకుంది. అతని పక్కనున్న రాడ్డు తీసుకుని గుంతలోకి దించింది. ఒక్కతి వల్ల కాలేదు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చెయ్యి వేశారు. తుప్పు పట్టిన వాల్వు కిర్రుమంటూ తిరిగింది. షమీమ్ స్కూటరు దిగేసరికి రోడ్డు మీద నీళ్లు సన్నబడుతున్నాయి. ఉరుకుందమ్మ మోచేతులదాకా బురదతో నిలబడి ఆమెను చూసింది.

*

కమిషనర్ గారు తిరిగొచ్చి, ఉరుకుందమ్మ మీద పోలీసు కేసు పెట్టాలన్నారు. వాల్వు లాగిన్ లేని వ్యక్తి మునిసిపల్ వాల్వును మూయడం చిన్న నేరం కాదు. ఫిర్యాదు డిక్టేట్ చేయడం కూడా మొదలుపెట్టారు.

షమీమ్‌కు ఆ మోచేతుల బురద కళ్లముందే ఉంది. తోచిన మాట అనేసింది. "సార్, కేసు పెడితే లాగిన్ లేకుండా వాల్వు మూయొచ్చని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. నిన్న మీరు సదస్సులో అది అసాధ్యమని చెప్పి వచ్చినారు కదా."

డిక్టేషను ఆగింది.

"నిజమే. అసాధ్యం. అసాధ్యమైనది జరగదు. కాబట్టి ఆమె మూయలేదు. ఇంకెవరైనా మూశారా?"

"రికార్డులో ఎవరూ మూసినట్టు లేదు సార్."

"అయితే వాల్వు తెరిచే ఉంది."

"రికార్డు ప్రకారం తెరిచే ఉంది సార్."

కమిషనర్ గారి ముఖం మెల్లగా వెలిగింది. "అంటే పన్నెండో వార్డుకు నిన్నటి నుంచి నిరంతరాయంగా నీటి సరఫరా జరుగుతోంది! రాష్ట్రంలో ఏ చిన్న పట్టణమైనా ఇది సాధించిందా?"

షమీమ్ ఉరుకుందమ్మను జైలు నుంచి తప్పించింది. తప్పించిన తీరు వల్ల పన్నెండో వార్డుకు నీళ్లు ఆగిపోయాయి. తెరిచి ఉన్న వాల్వును మళ్లీ తెరవడానికి మద్దిలేటికి అధికారం లేదు. తెరవాలంటే ముందు మూయాలి. మూయాలంటే తెరిచిన సెషనే కావాలి. ఆ సెషన్‌ను వాయిదా వేస్తే నిరంతర సరఫరా ఆగిపోయినట్టు రికార్డవుతుంది గనక కమిషనర్ గారు వెయ్యరు. పై ఆఫీసు నుంచి శాలువా కప్పడానికి మనుషులు వస్తున్నారు.

పన్నెండో వార్డు ఆడవాళ్లు ఊరి బయట పొలాల్లో బోరు దగ్గర్నుంచి నీళ్లు మోశారు. పొద్దున రెండు విడతలు, సాయంత్రం రెండు విడతలు. పొద్దున మోసేవాళ్లకు మిల్లు సైరను వేళకు చేరడం కుదరదు. మేస్త్రీ ఉరుకుందమ్మ స్థానంలో ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. అతను చెడ్డవాడేం కాదు. ఏదో ఒకటి తేల్చుకోమని ముందే చెప్పాడు.

శాలువా కప్పిన మర్నాడు ఆ వార్డు ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో ఆఫీసుకొచ్చారు. కమిషనర్ గారు వాళ్లను కసరలేదు. సన్మానం తాలూకు మంచితనం ఇంకా ఒంటి మీద ఉంది. కంప్యూటరు తెరను వాళ్లవైపు తిప్పి చూపించారు.

"మీకు నీళ్లు వస్తున్నాయమ్మా. ఇదిగో, పచ్చగా కనిపిస్తోంది చూశారా? పచ్చరంగు అంటే వాల్వు తెరిచి ఉందని. ఇరవై రోజులుగా ఒక్క క్షణం కూడా ఆగలేదు."

ఉరుకుందమ్మ ముందుకొచ్చింది. తెరలోకి కాసేపు చూసింది. తన బిందెను ఆయన బల్ల మీద, సన్మాన పత్రం పక్కన పెట్టింది.

"అయితే దాంట్లోంచే ఒక బిందె పట్టియ్యి సారూ," అంది.

వెనక ఎవరో నవ్వారు. కమిషనర్ గారు నవ్వలేదు. కార్యాలయ సమయంలో బల్ల మీద వ్యక్తిగత వస్తువులు ఉంచరాదని అన్నారు. అటెండరును పిలిచి బిందెను తీయించి, గది బయట పెట్టించారు. ఆడవాళ్లను కూడా.

షమీమ్ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ఆ తెర, ఆ పచ్చరంగు, ఆ రెండు నిమిషాలు, ఆ వాయిదా మీట... ఒక్కటి కూడా కమిషనర్ గారికి చేతకాదు. ఆయన నోటితో అన్నారు. కట్టింది తను. తిరిగి నీటి విభాగానికి నడిచి, మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుంది.

లాగిన్ అయింది. సెషన్ తెరుచుకుంది. పాస్‌వర్డు అడిగే భాగం తీసేసింది. సెషన్లు, వాల్వు అనుమతులు తీసేసి, చివరగా 'వాయిదా' మీట నొక్కి, ఆ మీటను కూడా తీసేసింది. రాయడానికి నెలలు పట్టినదాన్ని తీసేయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంక ఒక పక్క వార్డు నంబరు, ఇంకో పక్క వేళ మిగిలాయి. పన్నెండో వార్డు ఎదురుగా 'ఈరోజు సాయంత్రం ఐదు గంటలకు' అని కొట్టింది. ఆ తర్వాత తెల్లకాగితం తీసుకుని, 'మద్దిలేటీ, పోయి వాల్వు తెరువు. పట్టుకోవడం అయ్యాక మూసెయ్' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసింది.

మద్దిలేటి ఆ కాగితాన్ని ఒకసారి చూసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, రాడ్డు భుజాన వేసుకున్నాడు. ఫోను ఆమె బల్ల మీదే వదిలేసి పోయాడు.

సాయంత్రం కొళాయిలు ముందు గాలి ఊదాయి, తర్వాత ఎర్రగా దగ్గాయి, తర్వాత తెల్లగా నీళ్లు పడ్డాయి. వీధిలో పిల్లలు అరిచారు. షమీమ్ ఉరుకుందమ్మ ఇంటి ముందు నిలబడింది. ఉరుకుందమ్మ ఏదైనా మంచి మాట అంటుందని ఆశ పడిందేమో, తనకే తెలియాలి. ఉరుకుందమ్మ బిందె తీసి, ఇంకో బిందె పెట్టింది.

"నీళ్లొచ్చినాయి," అంది. "మిల్లులో పని రాల్యా."

"నేనొచ్చి మేస్త్రీతో మాట్లాడతా అక్కా."

"మాట్లాడు," అంది ఉరుకుందమ్మ. "లాగినేమీ లేకుండా మాట్లాడు."

*

మర్నాడు పొద్దున్నే కమిషనర్ గారి గది నుంచి పిలుపు వచ్చింది. షమీమ్ రాజీనామా కాగితం రాసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్లింది. కమిషనర్ గారు కోపంతో ఊగిపోతున్నారు. అకౌంటెంట్ గోవర్ధనం గారు సాక్షిగా పక్కనే కూర్చున్నారు.

"ఇంత భద్రతా వ్యవస్థను ఎవరి అనుమతితో ధ్వంసం చేశారు? లోపలికి ఎలా ప్రవేశించారు?"

"లాగిన్ అయ్యే ప్రవేశించినాను సార్."

"ఎవరి పాస్‌వర్డుతో?"

"నాదే. మీరు మంజూరు చేసింది. పశువైద్యులవారు ధ్రువీకరించింది."

కమిషనర్ గారు కొంచెం వెనక్కి తగ్గారు. "సెషన్?"

"చెల్లుబాటులోనే ఉండింది సార్. గడువు తీరకముందే పని పూర్తి చేసినాను."

"వాయిదా వేశారా?"

"వేసిన తర్వాతే ఆ మీట తీసేసినాను."

గోవర్ధనం గారు రికార్డు తెప్పించారు. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. పేరు సరిపోయింది, సెషన్ సరిపోయింది, వాయిదా కూడా వేళకే పడింది. ఎక్కడా అక్రమ ప్రవేశం లేదు. కమిషనర్ గారు మరోసారి మొదటి నుంచి చూశారు. క్రమంగా ముఖంలో కోపం పోయి, ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఎన్నో నెలలుగా ఆ పేజీని చూసి భయపడిన మనిషి, మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"ముందే చెప్పొద్దూ?" అన్నారు. "అయితే భద్రతకు ఎక్కడా భంగం కలగలేదన్న మాట."

ఫైలు దగ్గరికి లాక్కుని, 'లాగిన్ తొలగింపు తగు లాగిన్‌తో జరిగినందున చర్య అవసరం లేదు' అని రాసి, కింద సంతకం పెట్టారు.